టార్పాలిన్ కింద ఒక సంసారం

ఆదిలాబాద్,
మాఘం, ఆదివారం సాయంత్రం

అక్కా,

ఫోన్ చేస్తే నీకు సగమే వినబడుతున్నదని నీ కొడుకు నరేశ్ చెప్పాడు. కరీంనగర్ మారకముందు సిరిసిల్లలో ముప్పై ఏళ్ళు సాంచాల పక్కన కాపురం చేస్తే నీ చెవులు మాత్రం ఎన్నాళ్ళు ఓర్చుకుంటాయి? మీ ఇంట్లో రెండు రోజులు ఉండి వచ్చిన నాకే ఆ మరమగ్గాల చప్పుడు వారం దాకా తలలో మోగేది. అందుకే కాగితం పట్టాను. జవాబు మాత్రం ఇంటికి రాయకు. నేను పని చేసే బట్టల కుట్టు షాపు అడ్రసు కింద రాశాను. ఇంటికి వస్తే ఓంప్రకాశ్ బావ ముందు తను చదువుకుని, ఆ తర్వాత నీకు ఉత్తరం వచ్చిందని నాకు చెబుతాడు. మా ఆయన పోయి నాలుగేళ్ళు. అప్పటి నుంచి తమ్ముని భార్యకు ఏది వచ్చినా అన్న చేతి మీదుగానే రావాలి.

అక్కా, ఈ నెల మొదలైనప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. కుట్టు మిషన్ ముందు కూర్చుంటే బయటికి పోవాలనిపిస్తుంది. బయటికి పోతే ఎక్కడికో తెలియదు. ఆదివారం వస్తే మాత్రం తెలుసు. అంగడికి.

ఇక్కడ పత్తి అయిపోయింది. జిన్నింగ్ మిల్లులు ఒక్కొక్కటే బంద్ అవుతున్నాయి. మహారాష్ట్రలో యవత్మాళ్ వైపు నుంచి పనికి వచ్చినవాళ్ళు సామానంతా బస్సులో మోసుకుపోలేక అంగట్లో అమ్ముకుని పోతున్నారు. గిన్నెలు, ఫ్యాన్లు, నీళ్ళ డ్రమ్ములు, పిల్లల సైకిళ్ళు. ఉగాది దాకా ఇదే వరుస. ఆ తర్వాత అవే వస్తువులు అడగబోతే ధర అందదు.

ఈ రోజు పొద్దున్నే పోయాను, బోణీ నాదే కావాలని. మొదటి గిరాకీని ఎవరూ ఉత్త చేతులతో పంపరు కదా. అంగడి చివర గోడ పక్కన భూమవ్వ అని ఒకామె, మాటల్లో మరాఠీ కలుపుతూ, పాత సామాను కొని అమ్ముతుంది. ఆమె సరుకు ఏడాదంతా అక్కడే ఒక పెద్ద టార్పాలిన్ కింద పడి ఉంటుంది. గ్యాస్ పొయ్యి ఒకటి చూశాను.

"ఎంత?"

"మూడు వందలు."

"నూట యాభై."

"కాయ్ బాయీ, అది పొయ్యా, పుట్నాలా?"

"ఒక బర్నరు మండుతలేదు గదా!"

"ఒక్కదానివి తినెటందుకు రెండు బర్నర్లెందుకు నీకు?"

నేను ఒక్కదాన్నని ఆమెకు ఎవరు చెప్పారో! ఆమే నవ్వి, బోణీ అని నేనన్న ధరకే ఇచ్చింది.

పొయ్యి ఇంటికి తేలేదు. ఆమె టార్పాలిన్ కిందనే దాచమన్నాను. ఎందుకని అడగకు.

పద్మ


కరీంనగర్,
సోమవారం

పద్మా,

ఉత్తరం చేరింది. వేములవాడ రాజన్న దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం.

ఊరు విడిచి పోయేవాళ్ళ దగ్గర మరీ తగ్గించి అడగకు. వాళ్ళు అక్కర కొద్దీ అమ్ముతారు. బోణీ పేరు చెప్పి బెదిరించడం మనకు వద్దు.

మీ ఇంట్లో రెండు పొయ్యిలున్నాయి. నేను చూశాను. మూడోది అంగట్లో, టార్పాలిన్ కింద ఉంది.

అడగకు అన్నావు కాబట్టి అడగడం లేదు. నువ్వు రాస్తే చదువుతాను.

అక్క


ఆదిలాబాద్,
శివరాత్రికి నాలుగు రోజుల ముందు

అక్కా,

అడగను అంటూనే అడిగావు. చిన్నప్పుడూ నీది ఇదే తీరు. బెల్లం ఎవరు తిన్నారని అడిగేదానివి కాదు, ఊరికే నా మూతి వైపు చూసేదానివి.

చెబుతాను. నేను ఈ ఇంట్లోంచి పోతున్నాను.

ఎవరూ నన్ను కొట్టలేదు. తిట్టనూ లేదు. అన్నం పెట్టలేదని అంటే కళ్ళు పోతాయి. ఆ అన్నం వండేది నేనే కదా! తొమ్మిది మందికి వండి, డబ్బాలు కట్టి, షాపుకు పోయి, వచ్చి మళ్ళీ వండుతాను. "పద్మ ఉన్నది గదా" అనే మాట మీద ఈ ఇల్లు నడుస్తున్నది. చుట్టాలు వస్తే పద్మ ఉన్నది గదా. మా యారాలు, బావ భార్య వందనక్క నడుము పట్టేస్తే పద్మ ఉన్నది గదా. ఉన్నాను. ఎక్కడున్నాను? హాల్లో అందరూ టీవీ చూసి లేచాక చాప పరుచుకుంటాను. పొద్దున అందరికంటే ముందు చాప చుట్టేస్తాను. పిల్లలు లేరు కాబట్టి నాకంటూ ఒక గది, అర్ర ఎందుకని ఎవరూ అనలేదు. ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. ఈ ఏడు ఎందుకో నాకు వచ్చింది. వచ్చింది మొదలు తలుపు ఉన్న చోటు ఎక్కడ చూసినా ఆగి లోపలికి తొంగి చూస్తున్నాను.

రైల్వే గేటు దగ్గర కిరాణా కొట్టు నడిపే అంతయ్య అనే పెద్దమనిషి తన కొట్టు వెనుక అర్ర ఇస్తానన్నాడు. చిన్నదే. కిటికీ ఉంది. తలుపుకు లోపల గొళ్ళెం ఉంది. అడ్వాన్సు ఇచ్చేశాను. నా కుట్టు కూలి కిరాయికి సరిపోతుంది. ఉగాది పొద్దున చేరతాను. ఆ లోపల అంగట్లో ఒక్కొక్కటే కొని భూమవ్వ దగ్గర పెడుతున్నాను. పొయ్యి అయ్యింది, రెండు గిన్నెలు, బిందె, టేబుల్ ఫ్యాను అయ్యాయి. ఫ్యాను తిరిగేటప్పుడు కొంచెం ఏడుస్తుంది.

నులక మంచం కూడా కొన్నాను. మొన్న పోయేసరికి అది లేదు.

"నా మంచమేది?"

"ఏ మంచం?"

"నేను పైసలిచ్చిపోయిన మంచం!"

"అగ్గో, గది నీదా బాయీ? పొద్దుగాలనే ఉట్నూర్ జీపు మీదికెక్కింది."

"అమ్ముకున్నవా?"

"ఏం జేయాలె మల్ల, బిడ్డ బాలింతరాలని ఒకాయన కాళ్ళ మీద పడ్డడు. ఊకో, ఇనుప మంచం ఇస్త. నీ నులక దానికంటె గట్టిది."

"ఎండకాలం ఇనుప మంచం మీద పండుకుంటె వీపు మీద రొట్టెలు కాల్చుకోవచ్చు!"

"కాల్చుకో. నీ పొయ్యికి ఒక బర్నరే గదా మండేది!"

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. నా సంసారంలో సగం నాకంటే ముందే బయలుదేరి ఉట్నూర్ చేరింది.

అక్కా, ఎవరికీ చెప్పకు. ఉగాది పొద్దున చాప చంకన పెట్టుకుని గడప దాటేటప్పుడు నేనే చెబుతాను. ముందే తెలిస్తే పోనివ్వరు. అంతయ్య కూడా గొడవలంటే జంకే మనిషి.

నువ్వు వద్దంటావని భయంగా ఉంది. వద్దన్నా పోతాను. కానీ అనకు.

పద్మ


కరీంనగర్,
శివరాత్రి మర్నాడు

పద్మా,

వేములవాడ పోయి వచ్చాను. జాగారం చేస్తూ నీ సంగతే తలచుకున్నాను. నువ్వు చేస్తున్నది తప్పని నాకు అనిపించలేదు. అనిపిస్తే రాసేదాన్ని.

ఇనుప మంచం మీద బొంత రెండు మడతలు వేసుకో.

ఇల్లు ఎంత చిన్నదైనా ఇల్లే. దొంగతనంగా చొరబడ్డట్టు ఉండకూడదు. కొత్త చోట పొయ్యి మీద ముందు పాలు పొంగాలి. అవి ఆడబిడ్డ చేతి మీదుగా పొంగాలని అవ్వ చెప్పేది. ఆమె చేయి పడని పొయ్యి నిలవదని అవ్వకు గట్టి నమ్మకం. నాకూ అంతే. ఆ సంగతికి నువ్వు దిగులు పడకు. పద్ధతి ప్రకారం చెప్పవలసిన చోట చెప్పాను.

ఉపవాసాలు ఎక్కువ చేయకు. ఎండలు ముదురుతున్నాయి.

అక్క


ఆదిలాబాద్,
ఫాల్గుణం మొదటి వారం

అక్కా,

ఎంత పని చేశావు!

నిన్న మధ్యాహ్నం మా ఆడబిడ్డ రోజారాణి వదినె ఇచ్చోడ నుంచి దిగింది. నువ్వు పంపిన జాకెట్టు ముక్క, పసుపు, కుంకుమ, నీ చీటీ అన్నీ హాల్లో చాప మీద పరిచింది. ఆ చాప మీదనే, అక్కా, నేను పడుకునే చాప మీద.

"గిది ఎందుకొచ్చిందో జర చెప్పు పద్మా," అన్నది. "మా తమ్ముడు పోయినంక నాకు మరదలు గూడ పోయిందా? నువ్వు కొత్తింట్ల పాలు పొంగిస్తున్నవట. కరీంనగరోళ్ళు చెప్తె గాని నాకు తెలువకపాయె!"

బావ మిల్లు బంద్ అయి ఇంట్లోనే ఉన్నాడు. చీటీ రెండుసార్లు చదివాడు.

"మా ఇంటి ఆడిది కిరాయి అర్రల ఉంటదా? రేపు బజార్ల నేను తలెత్తుకొని తిరుగాల్నా వద్దా?"

"నేనేం తప్పు చేసిన బావా?"

"తప్పు చేసినవని ఎవలన్నరు? చెయ్యకముందే ఆపుతున్న!"

వందనక్క వంటింటి గడపలో నిలబడి ఒకటే మాట అంది. "మరి రేపటి సంది ఎట్ల?"

సాయంత్రం బావ పోయి అంతయ్యతో మాట్లాడి వచ్చాడు. ఈ రోజు అంతయ్య షాపు దాకా వచ్చి అడ్వాన్సు నా చేతిలో పెట్టాడు. "నువ్వు మంచిదానివేనమ్మా. మీ ఇంటోళ్ళ పంచాది నా కొట్టు ముందటికి రావద్దు," అని ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు.

ఎవరికీ చెప్పకు అని రాశాను. స్పష్టంగానే రాశాను. ఆడబిడ్డ ఎవరో కాదు అనుకున్నావా అక్కా?

పద్మ


కరీంనగర్,
శుక్రవారం

పద్మా,

అవును. అలాగే అనుకున్నాను. ఆడబిడ్డను పరాయివాళ్ళలో లెక్కపెట్టడం నాకు తట్టలేదు. పద్ధతి చూశాను, నిన్ను చూడలేదు.

తప్పు నాది. సామాను అమ్మకు.

అక్క


ఆదిలాబాద్,
హోలీ

అక్కా,

ఊరంతా రంగులు. నా మీద ఎవరూ చల్లరు కాబట్టి బయట తిరగడానికి సులువుగా ఉంది. పొద్దుటి నుంచి తిరుగుతూనే ఉన్నాను. నాలుగు చోట్ల అర్రలు అడిగాను. ఎంతమంది ఉంటారని అడుగుతారు. నేనొక్కదాన్నే అంటాను. మీ ఇంట్లో మగవాళ్ళ నంబర్ ఇవ్వమంటారు. ఇస్తే బావ ఏం చెబుతాడో తెలుసు. ఇవ్వను. అక్కడితో మాట అయిపోతుంది.

సామాను అమ్మకు అన్నావు. ఎక్కడ పెట్టుకోను? భూమవ్వకు చోటు కావాలట. చివరి మిల్లు కూడా బంద్ అయింది, కుప్పలు కుప్పలుగా సరుకు వస్తున్నది.

"తీసుకపోతవా, మల్ల నాకే ఇస్తవా?" అని అడిగింది.

"ఇస్తె ఎంతిస్తవు?"

నేను కొన్నదాంట్లో సగం చెప్పింది. అదేం న్యాయమంటే, "నువ్వు గిట్లనే కొన్నవు గదా బాయీ. గా యవత్మాళ్ ఆమె ఫ్యాను ఇచ్చెటప్పుడు కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నది. నువ్వు ఇంక ఇరువై తగ్గించుమన్నవు," అంది. కోపంగా కాదు. నవ్వుతూనే అంది. నాకు ఆ ఇరవై గుర్తు లేదు. ఆమెకు గుర్తుంది.

వచ్చే ఆదివారం తేల్చి చెప్పమంది. అమ్మేస్తాను. ఇంట్లో ఎవరూ ఏమీ అనడం లేదు. నేను గేటు తీస్తే మాత్రం టీవీ సౌండు తగ్గుతుంది. ఎక్కడికని అడగరు. ఊరికే వింటారు.

నీ మీద కోపం పోయిందని రాద్దామనుకున్నాను. పోలేదు.

పద్మ


ఇచ్చోడ,
గురువారం మధ్యాహ్నం

పద్మా,

పొద్దుటి బస్సుకు బయలుదేరి మీ వదినె ఇంటికి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. నరేశ్ గుడికి పోయాననుకుంటున్నాడు.

రోజారాణి వాకిట్లో మిరపకాయలు పరిచి ఉంది. పక్కిళ్ళ ఆడవాళ్ళు నలుగురు కూర్చుని తొడిమలు తీస్తున్నారు. నన్ను చూసి లేచింది, పీట వేసింది. మర్యాదలో తక్కువ చేయలేదు. పద్మను పోనివ్వమని అడగడానికి వచ్చానన్నాను.

"మా తమ్ముని పెండ్లాం మా ఇంట్ల ఉండక ఏడుంటదక్కా?" అంది.

"జర గట్టిగ చెప్పు రోజా. నా చెవులు పోయినయి."

గట్టిగా చెప్పింది.

"ఉండనియ్యి గని, ఆమెకు ఒక అర్ర ఇయ్యిండ్రి మరి," అన్నాను.

"అర్రలేడున్నయి? పిల్లల సదువులాయె. అయినా ఆమె పోతె మా అన్న ఇంట్ల తొమ్మిది మందికి వంటెవలు చేస్తరు?"

"ఏమన్నవు?"

"వంటెవలు చేస్తరు అంటున్న!"

"వినబడుతలేదు బిడ్డా. పంటనా?"

"వంట! వంట ఎవలు చేస్తరని అంటున్ననక్కా!"

ఎదురింటి అరుగు మీద బీడీలు చుట్టే ఆమె కూడా తలెత్తింది. మిరపకాయల దగ్గరున్న ఒక ముసలామె, రాజవ్వ అట, చాట కింద పెట్టింది.

"ఓ రోజా, ఇజ్జత్ అంటివి, పరువు అంటివి, మొన్నటి సంది గదే చెప్పబడితివి. వంట కోసమా?"

మిగతావాళ్ళు నవ్వారు. ఒకామె, "వంటమనిషిని పెట్టుకోమను మీ అన్నను, జీతమెంతయితదో తెలుస్తది," అంది. రోజారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నేను పీట మీదనే కూర్చుని నామం చెప్పుకున్నాను.

మొదటిసారి అన్నప్పుడే నాకు వినబడింది పద్మా. రెండోసారి ఇంకా బాగా వినబడింది. ఇది దేవుడికి చెప్పుకున్నాను. నీకూ చెబుతున్నాను. ఇంకెవరికీ చెప్పను.

చాలాసేపటికి రోజారాణి నీళ్ళ చెంబుతో వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. మెల్లగా ఏదో అంది. అది నిజంగానే వినబడలేదు. పెదవులు చూసి పోల్చుకున్నాను. "నాకెందుకు చెప్పలే ఆ పిల్ల?" అంటున్నది. నాకు చెబితే నేనే దగ్గరుండి సాగదోలేదాన్ని అన్నది. సాగదోలేదో లేదో తెలియదు. ఈ రోజు మాత్రం ఆ మాట మనసులోంచే అంది.

రేపు ఆదిలాబాద్ వస్తుంది. ముందు అన్నతో, తర్వాత అంతయ్యతో మాట్లాడుతుంది. పాలు తన చేతి మీదుగానే పొంగాలని అంటున్నది. పొంగించనీ.

ఇక్కడిదాకా వచ్చి నీ దగ్గరికి రావడం లేదని అనుకోకు. నేను వస్తే ఇది మన రెండిళ్ళ తగవు అవుతుంది. వాళ్ళింటి ఆడబిడ్డ నోటితో తీరితే ఎవరికీ ఎదురు చెప్పడానికి ఉండదు.

ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నాను. గమ్ము దిట్టంగా పెట్టాను. చదివాక చింపేయి.

అక్క


ఆదిలాబాద్, అంతయ్య కొట్టు వెనుక,
చైత్రం

అక్కా,

చింపలేదు. దాచాను. ఇప్పుడు దాచుకోవడానికి నాకు చోటుంది.

రోజారాణి వదినె వచ్చిన రోజు ఇంట్లో ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు. అన్నా చెల్లెలు లోపలి అర్రలో తలుపు వేసుకున్నారు. వదినె గొంతు మాత్రం బాగా వినబడింది. "ఇచ్చోడ మొత్తం నవ్వుతున్నదే! తొమ్మిది మందికి వండిపెట్టెటందుకు పట్టుకున్నరంటున్నరు!" అని. బావ ఏమన్నాడో వినబడలేదు. బయటికి వచ్చి చెప్పులేసుకుని పోయాడు. ఇప్పటికీ నాతో మాట్లాడడం లేదు. ఉగాదికి రాలేదు. వస్తాడని నేనూ అనుకోలేదు.

అంతయ్యతో వదినె, "మా మరదలే. నేనే దిగబెడుతున్న. నల్లా నీళ్ళు సరిగ ఇడువాలె," అని అధికారంగా చెప్పింది. ఆయన సరేనమ్మా సరేనమ్మా అని తాళం ఇచ్చాడు. అదే తాళం కోసం నేను ఎన్ని రోజులు బతిమాలానో! కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది.

పాలు పొంగాయి. మండని బర్నరు మీద గిన్నె పెట్టి వదినె చాలాసేపు అగ్గిపుల్లలు గీసింది. "గిదేం పొయ్యి పిల్లా, ఎవలంటగట్టిండ్రు నీకు?" అంది. భూమవ్వ సామానుతో పాటు ఆటోలో తనే వచ్చింది. "బోణీ ధరకు గదే వస్తది బాయీ," అని గడపలోంచి జవాబిచ్చింది. ఇద్దరికీ క్షణం పడలేదు. పాయసం మాత్రం ఒకే చోట కూర్చుని తిన్నారు.

కానీ అక్కా, కుదురు రాలేదు. రాస్తే నవ్వుతావు. పొద్దున్నే మెలకువ వస్తుంది, లేచి తొమ్మిది మందికి బియ్యం కొలవబోతాను. డబ్బాలో చేయి పెట్టాక గుర్తొస్తుంది. మళ్ళీ పడుకోబోతే పట్టదు. లోపల గొళ్ళెం వేస్తాను, తీస్తాను. అంగట్లో ఇప్పుడు కొత్త ధరలు. మిల్లు వాళ్ళంతా పోయారు. అయినా ఆదివారం ఒకసారి పోయి వస్తాను, ఏదీ కొనకుండా.

అసలు సంగతి ఇది. నిన్న సాయంత్రం తలుపు కొడితే తీశాను. వందనక్క. చేతిలో ఏమీ లేదు, వెంట ఎవరూ లేరు. గుడికని చెప్పి వచ్చిందట. మంచం మీద కూర్చుంది. ఇంట్లో వంట ఎట్లా సాగుతున్నదని నేను అడగలేదు. ఆమె వేళ్ళకు కాలిన మచ్చలున్నాయి. టీ పెట్టి ఇచ్చాను.

తాగుతూ ఒక్కొక్కటే చూసింది.

"గీ బిందె ఎంత?"

చెప్పాను.

"గీ ఫ్యాను?"

చెప్పాను. ఆ ఇరవై సంగతి కూడా చెప్పాను.

"మంచం?"

"ఊకెనే వచ్చినట్టే అక్కా. నా నులక మంచం భూమవ్వ ఎవలకో అమ్ముకున్నది. దానికి బదులిచ్చింది."

నవ్వలేదు. గ్లాసు కడిగి బోర్లించింది. నేను వద్దన్నా వినలేదు. గడప దగ్గర చెప్పులేసుకుంటూ అటువైపు తిరిగి అడిగింది.

"పక్క అర్ర ఖాళీనేనా?"

"ఎవలకక్కా?"

"ఎవలకు లేదు. ఊకె అడిగిన."

వెళ్ళిపోయింది. ఆమెకు భర్త ఉన్నాడు, కొడుకులున్నారు, సొంత అర్ర ఉంది, అల్మారా ఉంది. నాకేం అర్థం కావడం లేదు. మళ్ళీ వస్తుందనిపిస్తున్నది. వస్తే ఏం చెప్పాలి అక్కా?

పద్మ


కరీంనగర్,
సోమవారం

పద్మా,

వందనకు ఏమీ చెప్పకు. అడగకు కూడా. ఆదివారం అంగడికి పోయేటప్పుడు నీ వెంట తీసుకుపో.

ఈసారి నేను ఎవరికీ పసుపు కుంకుమ పంపను.

అక్క